కెమెరా తర్వాత, ముందు మైకు



పోయిన భాగం పెట్టిన దగ్గర నుంచి ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న. "అక్కా, మా వాడ మీద వీడియో చేద్దామనుకుంటున్నాం, ఏ కెమెరా కొనాలి?" కొందరు మోడల్ నంబర్లు కూడా పంపారు. 60 వేలది ఒకటి, లక్ష దాటినది ఇంకొకటి. ఒక తమ్ముడు స్కాలర్‌షిప్ డబ్బులు పడేదాకా ఆగుతానన్నాడు. అవి ఎప్పుడు పడతాయో నాకూ తెలుసు, మీకూ తెలుసు. వాళ్ళ నాయనమ్మ వెట్టి చేసిన రోజుల గురించి చెప్తుంటే రికార్డు చేయాలని అతని కోరిక. ఆమెకు ఎనభై దాటాయి. ఆగాల్సినవాళ్ళు ఎవరు, ఆగలేనివాళ్ళు ఎవరు?

అందుకే ఈ భాగం మొత్తం పనిముట్ల మీదే. రెండేళ్ళుగా మా డిగ్రీ కాలేజీ పిల్లలతో కలిసి చవక ఫోన్లు, చవక మైకులు, ఉచిత సాఫ్ట్‌వేర్లు వాడి చూస్తున్నాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కెమెరా కొనకండి. చేతిలో ఉన్న ఫోనుతో మొదలుపెట్టండి. పెట్టడానికి ఒక వెయ్యి రూపాయలు ఉంటే గొంతు వినిపించడానికి పెట్టండి.

దీనికి మనలోనే రెండు వైపుల నుంచి అభ్యంతరాలు వస్తాయి. ఒకరు "మంచి కెమెరా లేకపోతే ఎవరు చూస్తారక్కా" అంటారు. ఇంకొకరు "క్వాలిటీ అనేదే వాళ్ళ కొలమానం, మనకు విషయం ముఖ్యం, ఎట్లున్నా పెట్టేయాలె" అంటారు. రెండో మాటలో కొంత న్యాయం ఉంది. "క్వాలిటీ" అన్న మాట వినగానే నాకు "మెరిట్" గుర్తొస్తుంది. రెండూ ఒక్క ఇంట్లో పుట్టినవే. తొంభైలలో దళిత కవిత్వం ముందుకు వచ్చినప్పుడు "వస్తువు ఉంది కానీ శిల్పం లేదు" అని పెదవి విరిచినవాళ్ళు మన సాహిత్యంలో తక్కువేం కాదు. అయితే మన కవులు దానికి ఏం జవాబు చెప్పారో కూడా చూడాలి. శిల్పం మాకొద్దని వాళ్ళు అనలేదు. వాడ భాషను, డప్పు నడకను, తిట్టును, ఏడుపును కవిత్వంలోకి తెచ్చి, శిల్పం అంటే ఏమిటో వాళ్ళే మళ్ళీ తేల్చారు. వీడియో దగ్గరికి వచ్చేసరికి మనం ఆ పని ఎందుకు వదిలేయాలి? ఎనభై ఏళ్ళ తల్లి తన బతుకంతా చెప్తుంటే వెనక మోటారు మోత తప్ప ఏమీ వినిపించకపోతే, అక్కడ ఓడిపోయేది ఆ తల్లి. ఆమెను వినబడేలా చూపించడం మర్యాదకు సంబంధించిన విషయం. ఆ మర్యాద మన అందుబాటు ధరలోనే ఉందన్నదే ఈ భాగం.

దీనికి మనకు పెద్దలున్నారు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఇరవై ఏళ్ళకు పైగా కెమెరా పడుతున్నారు. బడి మొహం చూడనివాళ్ళు, పొలం పనులు చేసుకునేవాళ్ళు. 2002లో ప్రభుత్వం బీటీ పత్తికి అనుమతి ఇచ్చాక వరంగల్ జిల్లా రైతుల దగ్గరికి సీజన్లో మళ్ళీ మళ్ళీ పోయి, వాళ్ళ చేలల్లో ఏం జరిగిందో వాళ్ళ నోటే చెప్పించి సినిమాలు తీశారు. 2008లో సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు. వాళ్ళు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్లు నేను క్లాసులో తప్పకుండా చెప్తాను. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కిందినుంచి పైకి చూసేది జీతగాని చూపు. ఎదురెదురుగా, కళ్ళ ఎత్తులో పెట్టి తీసేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పుస్తకంలో హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అని మూడు ముక్కల్లో తేల్చేసే పాఠంలోకి ఊరి భూమి సంబంధాలను మొత్తం తెచ్చి పెట్టారు. మీ దగ్గర పదివేల ఫోను ఉన్నా, లక్షన్నర కెమెరా ఉన్నా, కింద చాప మీద కూర్చున్న అవ్వను నిలబడి తీస్తే అది పటేల్ షాటే. మీరూ చాప మీద కూర్చోండి. పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఫోను. గత నాలుగైదేళ్ళలో వచ్చిన ఏ మామూలు ఫోనైనా 1080పి వీడియో తీస్తుంది. మన పనికి అది సరిపోతుంది. 4కె జోలికి పోకండి. 1080పిలో చాలా ఫోన్లు నిమిషానికి సుమారు 130 ఎంబీ తింటాయి, అంటే గంట ఇంటర్వ్యూకి 8 జీబీ లోపు. 4కె పెడితే దాదాపు మూడింతలు. ఆ ఫైళ్ళు దాచడానికి జాగా ఉండదు, హాస్టల్ ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవు, చివరికి చూసేవాళ్ళు చూసేదీ ఫోన్లోనే. ఆండ్రాయిడ్‌లో "ఓపెన్ కెమెరా" అని ఒక ఉచిత యాప్ ఉంది. ప్రకటనలు లేవు, దాని కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంది. బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ కెమెరా యాప్ కూడా ఉచితమే కానీ కొన్ని ఫోన్లకే వస్తుంది. మాకు ఓపెన్ కెమెరానే ఎక్కువ అక్కరకు వచ్చింది. ఎందుకో డప్పు దగ్గర చెప్తా.

ముందు గొంతు సంగతి. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. నేను తెలుగు పాఠం చెప్పుకునే మనిషిని, అది ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

తెలుగులో వాక్యం బరువంతా చివర ఉంటుంది. చేసింది ఆడా మగా, ఒక్కరా పదిమందా, ఎదుటివాళ్ళకు మర్యాద ఇచ్చారా లేదా, పని అయిపోయిందా ఇంకా జరుగుతోందా, ఇవన్నీ క్రియ తోకలోనే. "కొట్టిండు" అంటే ఒక్కడు. "కొట్టిండ్రు" అంటే మంది. "పొమ్మన్నరు" వేరు, "పొమ్మన్నడు" వేరు. కానీ మనిషి మాట్లాడేటప్పుడు వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు దిగుతుంది. దుఃఖంలో ఉన్న మనిషికి ఇంకా దిగుతుంది. మూడు మీటర్ల దూరంలో ఉన్న ఫోను మైకుకి సరిగ్గా ఆ చివరి అక్షరమే అందదు. దీనికి తోడు బజార్లో ఐదారు వందలకు దొరికే వైర్‌లెస్ కాలర్ మైకుల్లో చప్పుడు తగ్గించే ఏర్పాటు లోపలే ఉంటుంది. శబ్దం ఒక స్థాయి కంటే తగ్గితే "ఇది రొద" అనుకుని నొక్కేస్తుంది. మేము వాడి చూసిన రెండిట్లోనూ వాక్యాల తోకలు తెగిపోయాయి. ఇంగ్లీషు వాక్యంలో కర్త ముందే వచ్చేస్తుంది కాబట్టి చివర కాస్త తెగినా ఎవరు చేశారో తెలుస్తుంది. మన వాక్యంలో చాలాసార్లు కర్తను పైకి అననే అనం, క్రియే చెప్పేస్తుంది. "కొట్టి..." అని ఆగిపోయిన రికార్డింగులో కొట్టినోడు ఒక్కడా ఊరంతానా?

ఇది వ్యాకరణం సరదా అనుకోకండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో కులం పేరుతో దూషించడం, నలుగురి ఎదుట అవమానించడం నేరాలు. ఆ కులం మాట, ఆ "రా", ఆ "రే", ఆ "అన్నరు" స్పష్టంగా వినిపించే రికార్డింగుకీ, ఏదో గొడవ జరుగుతున్నట్టు మాత్రమే తెలిసే రికార్డింగుకీ మధ్య తేడా ఏమిటో కేసుల చుట్టూ తిరిగిన ఏ బాధితుడినైనా అడగండి.

అందుకే వైరున్న కాలర్ మైకు. బోయా ఎం1 లాంటిది వెయ్యి రూపాయల అటూ ఇటూగా దొరుకుతుంది. వైరు 6 మీటర్లు ఉంటుంది. అది చూసి పిల్లలు నవ్వుతారు, పాతకాలపు సామాను అంటారు. నవ్వనివ్వండి. చొక్కా మీద, లేదా చీర కొంగు మడత దగ్గర, నోటికి జానెడు దూరంలో పెట్టండి. పూసలు, గాజులు తగలకుండా చూసుకోండి. మీ ఫోనుకి హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే మైకును కూడా తీసుకునే టైప్-సి కన్వర్టర్ అడిగి కొనుక్కోండి. పాటలు వినడానికి మాత్రమే పనికొచ్చేవీ ఉంటాయి, షాపులోనే పెట్టి చూడాలి. ఆ వెయ్యి కూడా లేదంటారా, రెండో ఫోను అడుక్కోండి. దాన్ని వాయిస్ రికార్డర్ ఆన్ చేసి మాట్లాడే మనిషి పై జేబులో, లేదా ఒళ్ళో గుడ్డ మీద పెట్టండి. మొదట్లో ఒక్క చప్పట కొట్టండి. ఎడిటింగులో బొమ్మలోని చప్పటనీ, శబ్దంలోని చప్పటనీ కలిపితే రెండూ అతుక్కుంటాయి. సినిమా వాళ్ళు క్లాప్ బోర్డు కొట్టేది అందుకే.

మైకు పెట్టేముందు ఆ మనిషి అనుమతి అడగండి. మన పెద్దవాళ్ళ దగ్గర అడగకుండానే చొరవగా పెట్టేస్తాం, మనోళ్ళే కదా అని. ఆడవాళ్ళయితే వాళ్ళకే ఇచ్చి పెట్టుకోమనండి.

ఇక డప్పు. డప్పు, కిన్నెర, చిందు భాగోతం రికార్డు చేద్దామనుకునే వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫోను తయారు చేసినవాళ్ళ లెక్కలో రికార్డు చేయదగింది మనిషి మాట, అదీ గదిలో కూర్చుని మాట్లాడే మాట. ఫోను శబ్దాన్ని తనంతట తనే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. డప్పు దెబ్బ పడగానే భయపడి మొత్తం తగ్గిస్తుంది, దాంతో పాడే గొంతు మునిగిపోతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య మళ్ళీ పెంచుతుంది. వింటుంటే గొంతు నీళ్ళల్లో మునిగి తేలుతున్నట్టు ఉంటుంది. కిన్నెర తీగ సన్నటి మోతను రొద కింద లెక్కేసి తీసేస్తుంది. ఓపెన్ కెమెరాలో ఆడియో సోర్స్ అని ఒక సెట్టింగ్ ఉంది. అందులో "అన్‌ప్రాసెస్డ్" ఎంచుకుంటే, ఫోను ఒప్పుకున్న మేరకు, ఈ సొంత తెలివి తగ్గుతుంది. డప్పుల దళానికి నాలుగైదు అడుగుల దగ్గర నిలబడకండి, శబ్దం పగిలిపోతుంది. అట్లా పగిలినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా అతకలేదు. దూరం పోండి, పాడే మనిషి దగ్గర మాత్రం వేరే ఫోను పెట్టండి. డక్కలి వాళ్ళ జాంబ పురాణం చెప్పగలిగే గొంతులు ఇప్పుడు ఎన్ని మిగిలాయి? ఉన్నవాళ్ళను ఒక్కసారి సరిగ్గా రికార్డు చేయడానికి ఈ పూట కష్టం ఎక్కువేం కాదు.

వెలుగు దగ్గర కూడా ఇదే కథ, రంగు మారి వస్తుంది. ఫిల్ము కాలంలో రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ కంపెనీ దశాబ్దాల పాటు తెల్ల స్త్రీ ఫొటోలున్న కార్డులే వాడింది. వాటిని షెర్లీ కార్డులు అనేవాళ్ళు. నల్లటి ముఖాలు ఆ ఫిల్ము మీద మసిబొగ్గులా వచ్చేవి. కంపెనీ కదిలింది ఎప్పుడయ్యా అంటే, చాక్లెట్ల కంపెనీలూ, కలప సామాను కంపెనీలూ మా సరుకు ముదురు రంగులు సరిగ్గా పడటం లేదని గోల పెట్టాక. మనుషుల ఫిర్యాదు కంటే బీరువాల ఫిర్యాదు బరువైంది. 2021లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లో రియల్ టోన్ అని పెట్టి, ముదురు చర్మాలను సరిగ్గా చూపిస్తామని ప్రకటించుకుంది. అంటే అప్పటిదాకా ఏం చేస్తున్నట్టు?

మన చేతిలోని చవక ఫోన్లో సెల్ఫీ కెమెరా బ్యూటీ మోడ్‌లో ఉండి, అడగకుండానే ముఖాన్ని నున్నగా తెల్లగా చేస్తుంది. ముందు దాన్ని తీసేయండి. వీలైనంతవరకు వెనక కెమెరాతోనే తీయండి. రెండోది, సున్నం వేసిన తెల్లగోడ ముందు నల్లని మనిషిని కూర్చోబెట్టకండి. గోడ తెలుపు చూసి ఫోను వెలుగు తగ్గించేస్తుంది, ముఖం చీకటి గుయ్యారం అవుతుంది. బడి గోడలూ, కమ్యూనిటీ హాలు గోడలూ అన్నీ తెల్లగానే ఉంటాయి కదా అంటే, మా పిల్లలు వెతికిన ఉపాయం నీలం గోడ. అంబేడ్కర్ భవనాలకు నీలం మనం ఇంకో కారణంతో వేసుకున్నాం, కెమెరాకి కూడా అది మేలు చేసింది. మనిషి ముఖం మీద వేలు పెట్టి కాసేపు నొక్కితే వెలుగు, ఫోకస్ అక్కడే లాక్ అవుతాయి. గుమ్మం పక్కన పగటి వెలుగు ముఖానికి ఒక పక్కన పడేలా కూర్చోబెట్టి, రెండో పక్కన ఒక థర్మాకోల్ షీటు పట్టుకోండి. అంతకు మించిన లైటింగు మాకు అవసరం పడలేదు. ట్యూబులైటు కింద తీస్తే బొమ్మ మీద చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి యాప్‌లో షట్టరు 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, పోతాయి.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల మీద పెద్దగా రాయను, దాని మీద మనవాళ్ళు చేసే చర్చ ఇప్పటికే ఎక్కువ. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ గొప్పదే, కానీ 16 జీబీ ర్యామూ, మంచి గ్రాఫిక్స్ కార్డూ అడుగుతుంది. అవి ఉన్నవాళ్ళకు అది ఉచితం. 8 జీబీ పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు కేడెన్‌లైవ్ పెట్టుకోండి. అందులో ప్రాక్సీ క్లిప్పులు ఆన్ చేస్తే పెద్ద ఫైలుకు చిన్న నకలు చేసుకుని దాని మీద పని చేయిస్తుంది, చివర్లో అసలుదే వాడుతుంది. శబ్దం శుభ్రం చేసుకోవడానికి ఆడాసిటీ. అరగంట ఇంటర్వ్యూలో పోనుపోను పెదాలూ మాటా విడిపోతుంటే కంగారు పడకండి, ఫోను ఫ్రేములను సమానంగా తీయకపోవడం వల్ల అది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో ఫ్రేమ్ రేటు స్థిరంగా పెట్టి మార్చుకున్నాక ఎడిటింగులోకి తీసుకోండి. ఉచితమని చెప్పి చివర్లో బొమ్మ మీద తన ముద్ర గుద్దే యాప్‌లను మాత్రం వాడకండి. మన తల్లి ముఖం మీద ఎవరి పేరో ఎందుకు?

తెలుగు అక్షరాల దగ్గర మాత్రం జాగ్రత్త. మన కరపత్రాలు, పాటల పుస్తకాలు చాలావరకు అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిని అట్లాగే తెచ్చి వీడియోలో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త వస్తుంది. యూనికోడ్‌లో కొట్టుకోవాల్సిందే. మండలి, రామభద్ర, గిడుగు, నోటో లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు ఊడి పక్కన పడతాయి. అట్లాంటప్పుడు ఆ వాక్యాన్ని వేరేచోట రాసి, బొమ్మగా మార్చి, వీడియో మీద పెట్టండి. ఇక మాటను అక్షరంలోకి మార్చే ఏఐ పనిముట్లు. వాటితో మాకు సగం పని తగ్గింది, ఇంకో సగం పెరిగింది. టీవీ వార్తల తెలుగు బాగానే రాస్తాయి. మా పాలమూరు అవ్వ "ఏడికి వోతుండ్రు" అంటే దాన్ని సర్ది సాపు చేసి ఇంకేదో రాస్తాయి. ఆమె అన్నది అన్నట్టు సబ్‌టైటిల్ వేయాలి. ప్రామాణిక భాషలోకి దిద్దే అధికారం యంత్రానికి లేదు, ఎడిటింగ్ చేసే మీకూ లేదు.

ఆఖరుది, దాచుకోవడం. కారంచేడు 1985, చుండూరు 1991. జేబులో కెమెరా అనే ఊహ కూడా లేని కాలం. 2016లో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న మన పిల్లల్ని కట్టేసి కొట్టినప్పుడు వీడియో ఉంది, కానీ దాన్ని తీసింది కొట్టినవాళ్ళ వైపు వాళ్ళే, గర్వంగా పంచుకోవడానికి. కెమెరా చవకైనంత మాత్రాన మనవైపు తిరగదు. మన చేతిలో ఉన్నప్పుడు కూడా మనం చేసే మొదటి పని వాట్సాప్‌లో పంపడం. వాట్సాప్ దాన్ని కుదించి ఇంకో ఫైలుగా మారుస్తుంది. దాడి, దూషణ లాంటివి రికార్డు చేస్తే అసలు ఫైలును ముట్టుకోకండి, కత్తిరించకండి, పేరు మార్చకండి. తీసిన ఫోను జాగ్రత్త. రెండు చోట్ల నకలు పెట్టండి, ఒకటి ఊరి బయట ఉండే మనిషి దగ్గర. పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి, ఒక్క ఫ్రేము కత్తిరించినా మారిపోతుంది. సాక్షుల, పిల్లల ముఖాలు కనిపించేవి సోషల్ మీడియాలో పెట్టకండి. పెట్టి తీరాలంటే నకలులో ముఖం మసక చేయండి.

ఇంకొకటి. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. దానితో చేరిన సెక్షన్ 15ఎ, 10వ ఉపసెక్షన్ ఈ చట్టం కింద నేరాలకు సంబంధించిన ప్రొసీడింగ్స్ అన్నీ వీడియో రికార్డు చేయాలంటుంది. మా దగ్గర పదివేల ఫోనుతో, వెయ్యి రూపాయల మైకుతో ఇంటర్ పాసైన పిల్లలు మూడు గంటల సాక్ష్యాన్ని ఒక్క మాట పోకుండా రికార్డు చేయగలుగుతున్నారు. ఈసారి ఎవరైనా పరికరాలు లేవని చెప్తే ఈ ఖర్చు లెక్క వాళ్ళ ముందు పెట్టండి.

మా దగ్గర సెట్టు ఇది: వైరు మైకులు రెండు, కన్వర్టర్లు రెండు, ఒక ట్రైపాడ్, థర్మాకోల్ షీటు, 64 జీబీ కార్డులు రెండు. అన్నీ కలిపి ఐదు వేలు దాటలేదు, పదిమందిమి చందాలు వేసుకున్నాం. తెలుగు శాఖ బీరువాలో ఒక నోటుబుక్కు పక్కన ఉంటాయి. సంతకం పెట్టి తీసుకుపోవచ్చు. మొదటి ఆరు నెలలు ఆ నోటుబుక్కులో అన్నీ అబ్బాయిల సంతకాలే, అమ్మాయిలు ప్రశ్నలు రాసిచ్చే పనిలో ఉండిపోయారు. ఇప్పుడు ఒకసారి అబ్బాయి తీసుకుంటే తర్వాతిసారి అమ్మాయే తీసుకోవాలని రూలు పెట్టాం. దాని మీద జరిగిన గొడవ చాలా పెద్దది, ఇంకో భాగంలో రాస్తా.

నాయనమ్మ కథ తీస్తానన్న తమ్ముడూ, ఈ ఆదివారం రా. మైకు నీ పేరు మీద రాసిపెట్టా.